మొదటి వరస నీడ

ఆగస్టు వచ్చిందంటే మా బీచిలో పొద్దున్నే జరిగే తంతు ఒకటే. బీచి పనివాడు నేరియో ఇసక చదును చేసి గొడుగులు విప్పుతాడు. అతని వెనకాలే ఫోర్లీ, చెజేనా లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలు తువ్వాళ్ళూ, పేపర్లూ, అలకలూ మోసుకొచ్చి తాతల నాటి చోట్లలో కూలబడతాయి. మొదటి వరసవాళ్ళు సముద్రం తమ పెరట్లో ఉందనుకుంటారు. ఆఖరి వరసవాళ్ళు మొదటి వరసలో ఎవరెప్పుడు పోతారా అని ఆరోగ్యాలు వాకబు చేస్తుంటారు. మూడో వరసలో ఉండే మేం ఇటువాళ్ళనీ అటువాళ్ళనీ చూసి నవ్వుకుంటాం. మాకు అంతకన్నా పనేముంది?

మా దగ్గర గొడుగు నీడ ఎండని బట్టి తిరగదు, మనిషిని బట్టి తిరుగుతుంది. తనవాళ్ళు ఎటు జరిగితే అటు జరుగుతుంది. కానివాళ్ళ మీద పడదు. రవెన్నా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరొకడు రెండో వరసలో చోటు కొనుక్కున్నాడు. వేసవంతా విప్పిన గొడుగు కిందే ఎండలో మాడి, సెప్టెంబరులో నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. పాపం అని ఎవరూ అనలేదు. నీడ ఎవరిదైతే చోటు వాళ్ళదే. అందులో ఇంకెవరు కూర్చోవచ్చో చెప్పేదీ వాళ్ళే.

మొదటి వరస నడిమి గొడుగు ఎర్సీలియా అనే ముసలావిడది. ఫోర్లీలో టోపీల కొట్టు నడిపిన మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. అన్నేళ్ళ వ్యాపారంలో ఆవిడకి నచ్చిన తలకాయ ఒక్కటీ తగల్లేదు. ఎవరినీ తిట్టదు కూడా. తిట్టించుకోవడానికైనా అర్హత ఉండాలంటుంది. ఎవరైనా ఎదురుపడితే తల నుంచి పాదాల దాకా ఓసారి చూసి సముద్రం వైపు తిరిగిపోతుంది.

ఆవిడ అన్న కొడుకు గ్వాల్తియేరోకి ఆ చోటు మీదా, బీచి పక్కనున్న ఆవిడ ఇంటి మీదా కన్ను. ఆవిణ్ణి సెప్టెంబరులో కొండల మీద ఉన్న ముసలివాళ్ళ ఆశ్రమంలో పడేస్తే రెండూ తనవే అని లెక్క. అక్కణ్ణించి చూస్తే కొండలు తప్ప ఏమీ కనిపించవు. ఎర్సీలియా ఎప్పుడూ ఒకటే మాట అనేది: "నా నీడ నన్ను వదిలిన రోజు వస్తాను పద. అందాకా నా జోలికి రాకు."

దాంతో గ్వాల్తియేరో నీడని మంచి చేసుకునే పనిలో పడ్డాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే బాపతు. ఆ గొడుగు కిందే పడక వేయించుకున్నాడు. ఎర్సీలియాకి రోజూ పీచ్ పళ్ళు కోసి పెట్టాడు. నీడ అతని బొటనవేలిని కూడా తాకలేదు. వీపు తోలు మాత్రం ఎండకి రెండుసార్లు ఊడింది.

ఒక శనివారం బొలోన్యా రైలు దిగి మారెన్ అనే అమ్మాయి వచ్చింది. పుట్టింది అమెరికాలోని నెబ్రాస్కాలో, చదువుకుంటున్నది బొలోన్యాలో. పొద్దున వచ్చి, నాలుగు ఫోటోలు తీసుకుని, సాయంత్రం పోయే సరుకు. వేసవిలో మాకు రైలెడు దిగుతారు. నీళ్ళ ఒడ్డు అందరిదీ అని ఎవరో చెప్పారు కాబోలు, సరిగ్గా ఎర్సీలియాకీ సముద్రానికీ మధ్యలో తువ్వాలు పరుచుకుంది. మేం పేపర్లు కిందకి దించాం.

"ఏయ్ అమ్మాయ్!" అంది ఎర్సీలియా. "మీ నాన్న అద్దాలు చేస్తాడా?"

"లేదండీ, మొక్కజొన్న పండిస్తాడు."

"అందుకేనా, నీలోంచి నాకు సముద్రం కనిపించడం లేదు. జరుగు."

ఆ పిల్ల నవ్వి జరిగింది. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ఎర్సీలియా మనిషిని పిలిచి మాట్లాడడం మేమెవ్వరం ఎరగం.

ఈత కొట్టి వచ్చి, తడి బట్టలతోనే పడుకుంది మారెన్. అదీ మా కళ్ళెదురుగా. మా దగ్గర పాలుతాగే పిల్లలకి కూడా నీళ్ళలోంచి రాగానే పొడి బట్టలు మారుస్తారు.

"తడిసిన గుడ్డలతో పడుకుంటావా? నడుం పట్టేస్తుంది! మీ అమ్మ చెప్పలేదా?"

"మా ఊళ్ళో సముద్రం లేదండీ."

"సముద్రం లేకపోతే నడుం కూడా ఉండదా?" అంటూ ఎర్సీలియా తన టవల్ గుడ్డ గౌను తీసి దాని మొహాన కొట్టింది. "పోయి మార్చుకురా. వెళ్ళేటప్పుడు నా చేతికిచ్చి వెళ్ళు."

మధ్యాహ్నం మారెన్ వేయించిన చేపలు తింది. తిన్నాక, మేం పొద్దున తప్ప ముట్టని కపుచినో పాలకాఫీ తెప్పించుకుంది. ఆఖరి వరసలో ఒకావిడ పిల్లల కళ్ళు మూసింది.

"చేపల మీద పాలా!" ఎర్సీలియా కుర్చీలోంచి సగం లేచింది. "గొడ్లు కూడా తాగవే!"

"బావుందండీ. ఓ గుక్క తాగుతారా?"

"ఆ గాడిదతో నీకెందుకత్తా?" అన్నాడు గ్వాల్తియేరో.

"గాడిదకి చెబితే ఎప్పటికైనా వింటుంది. నీకు చెప్పి లాభం లేదు."

కడుపు నిండగానే మారెన్ గౌను మడిచి తలకింద పెట్టుకుని ఎండలో నిద్రపోయింది. ఆ తెల్లతోలు చూస్తుండగానే ఉడికిన రొయ్యలా ఎర్రబడింది. లేపేదెవరు? ముందు ముక్కు బొబ్బలెక్కుతుందా, మోకాళ్ళా అని మూడో వరసలో పందేలు నడిచాయి.

అప్పుడు ఎర్సీలియా ఒళ్ళోంచి నీడ లేచింది. ఇసక మీద మెల్లగా పాకుతూ వెళ్ళి ఆ పిల్లని ముక్కు దాకా కప్పేసింది. ఎర్సీలియా గొడుగు కిందే మిట్టమధ్యాహ్నపు ఎండలో మిగిలింది.

గ్వాల్తియేరో ఎగిరి గంతేశాడు. "వదిలేసింది! నీ నోటితో నువ్వే అన్నావత్తా. సెప్టెంబరుకి గది సిద్ధం చేయమంటాను."

"నీడకి కూడా బుద్ధి లేదు," అంది ఎర్సీలియా. అని వెన్ను నిటారుగా పెట్టుకుని ఆ ఎండలోనే కూర్చుంది. మా నీడలోకి రమ్మని మేం పిలవలేదు. పిలిస్తే ఆవిడ వచ్చేది కాదు, పిలిచే గుణం మాకూ లేదు.

సాయంత్రం మారెన్ కళ్ళు తెరిచేసరికి గ్వాల్తియేరో దాని సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. "రైలు వెళ్ళిపోతుందమ్మా, పద పద!" జీవితంలో సొంత భార్య సంచీ మోసిన మొహం కాదు. ఆ పిల్ల నిద్రమొహంతోనే చెక్కబాట ఎక్కింది. నీడ దాని వెనకే నడిచింది. గేటు దాటితే ఇక అంతే. ఎర్సీలియా తల తిప్పి చూడలేదు.

గేటు దగ్గర మారెన్ తన చేతిలో గౌను చూసుకుని ఆగింది. "అయ్యో, గౌను!"

"ఇటివ్వు, నేనిచ్చేస్తా."

"తన చేతికే ఇమ్మన్నారండీ," అని వెనక్కి తిరిగింది.

వచ్చి చూస్తే ఎర్సీలియా మొహం కందిపోయి ఉంది, పెదాలు పగిలి ఉన్నాయి. "ఇంత ఎండలో కూర్చున్నారేంటండీ?"

"నీకెందుకు? పోయి రైలు చూసుకో."

మారెన్ గౌను ఆవిడ భుజాల మీద కప్పి, పక్కనే ఇసకలో చతికిలబడింది. నీడ కాస్త సాగి ఇద్దరినీ కప్పింది. నీడ ఇప్పుడు ఆ పిల్లదే. ఎర్సీలియా అక్కడ ఉండాలంటే ఆ పిల్ల నోటి నుంచి ఒక్క మాట రావాలి, అంతే.

గ్వాల్తియేరో రొప్పుకుంటూ వచ్చాడు. "ఆలోచించుకో అమ్మాయ్! ఈవిణ్ణి నీడలో ఉండనిచ్చావంటే చోటు నీదని ఒప్పుకున్నట్టే. ఇక ఏటేటా నువ్వు ఇక్కడికి రావాలి. ఏటేటా!"

"ఏటేటా రావచ్చా?" అంది మారెన్. "ఈవిడతోనా?" లేచి, అతని భుజం మీది సంచీ తీసుకుని, మళ్ళీ ఎర్సీలియా పక్కన కూర్చుంది. "ఉండనివ్వండి. ఈవిడ ఇక్కడే ఉంటారు."

రైలు కూత వినిపించింది. గ్వాల్తియేరో తన పడక మడుచుకున్నాడు. కొండ మీద గదిలోకి సెప్టెంబరులో ఎవరు వెళ్ళారో మాకు తెలీదు, ఎర్సీలియా అయితే వెళ్ళలేదు.

ఆ సాయంత్రం ఆవిడ గౌను భుజాల మీదకి సర్దుకుంది. తర్వాత, "రేపటికి పొడి బట్టలు ఇంకో జత కొనుక్కో," అంది. "ఆ మూడో వరస వెధవల వైపు చూడకు, కళ్ళు పాడవుతాయి."

మారెన్ తలూపి, నేరియోని పిలిచి కపుచినో చెప్పింది. పొద్దు వాలే వేళ పాలకాఫీ! మేమంతా ఎర్సీలియా నోటి వైపు చూశాం. తిట్టు ఇప్పుడొస్తుంది, అప్పుడొస్తుంది అని కాచుకున్నాం.

ఆవిడ సముద్రం వైపు తిరిగి, "రెండు తీసుకురా," అంది.