కుడికాలి పెడల్

సువర్ణరాజు కుడికాలికి నూజివీడు తోటల్లో ఎంత పేరో, పెళ్లిపందిళ్లలోనూ అంత పేరు. ముహూర్తాల రోజుల్లో ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాడు. మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడితే అదే కాలితో మందు పంపు తొక్కుతాడు. తాళం తప్పని కాలు కదా, చిటారుకొమ్మ దాకా మందు ఒకే జోరుగా ఎక్కుతుందని రైతులు ఏరికోరి అతన్నే పిలిచేవాళ్లు. పంపు కారి పాదమంతా మందుతో తడిసినా తొక్కడం ఆపేవాడు కాదు. పొగిడితే పొంగిపోయే రకం మరి.

అలాంటివాడికి ఎనభై ఐదు మాఘంలో, తోటల్లో మందు కొట్టడం ముగించిన మూడు వారాలకి, పెద్ద డ్రమ్ము వెనకబడటం మొదలైంది. చేతులు బాగానే పడుతున్నాయి. కాలితో కొట్టే దెబ్బే ఆలస్యంగా, మెత్తగా పడుతోంది. జి. కొండూరు పెళ్లిలో పాడుతున్న కల్యాణి, పాట మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

"పెడల్ అరిగిపోయిందండీ," అన్నాడు సువర్ణరాజు, ఆర్కెస్ట్రా నడిపే శ్రీమన్నారాయణతో.

"ఆడలేక మద్దెల ఓడందంట వెనకటికెవత్తో," అని ఆయన నవ్వాడు. తరవాత నవ్వు ఆపేశాడు. "వేరేది చూసుకో. గురువారం బాపులపాడులో కూడా ఇట్టాగే పడితే గుడివాడ అతన్ని కూర్చోబెడతా. ఏమీ అనుకోమాక."

పదిహేనేళ్లుగా తను కూర్చున్న స్టూలది. అది పోతే తనకేం మిగులుతుందో అతనికి తోచలేదు.

మర్నాడే కొత్త పెడల్ కోసం బయల్దేరాడు. బస్టాండులో హనుమయ్య ఎదురయ్యాడు. పోయినేడు దాకా తనతో వంతులేసుకుని పంపు తొక్కిన మనిషి, ఇప్పుడు కుడికాలు ఈడుస్తున్నాడు. చెప్పు జారిపోకుండా చీలమండకి పురికొసతో కట్టుకున్నాడు.

"ఇంకా తగ్గలేదా?"

"వాతం అంటన్నారు రాజూ. నొప్పున్నా బాగుండు. అసలు కాలుందో లేదో తెలీట్లా."

సువర్ణరాజు బస్సెక్కి కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా అటు తిరగలేదు.

హనుమాన్ జంక్షన్లో లారీ షెడ్ల వెనక బసవపున్నారావు కొట్టు. హార్మోనియాలు, డ్రమ్ములు బాగుచేస్తాడు. ఆగిపోయిన ఆర్కెస్ట్రాల సామాను కొని అమ్ముతాడు. లోపలికొచ్చినవాణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఒంటి చెప్పుతో వచ్చావేంటయ్యా?"

సువర్ణరాజు కిందికి చూసుకున్నాడు. కుడిపాదం ఉత్తదే. చెప్పు వెనక రోడ్డు మీద పడుంది. కంకర మీద ఉత్తకాలితో నడిచొచ్చాడు, తనకి తెలియనే లేదు. "బద్దీ వదులైందండీ," అని బొంకాడు.

బసవపున్నారావు మూడు పెడళ్లు తెచ్చి, ఒక్కొక్కటీ డ్రమ్ముకి బిగించి చూపించాడు. మొదటిది బరువుగా ఉందన్నాడు సువర్ణరాజు. రెండోదీ అంతే అన్నాడు. మూడోదాని స్ప్రింగు బాగా సడలించి, బసవపున్నారావు ఒక్క వేలితో నొక్కాడు. డ్రమ్ము ఢమ్మని మోగింది.

"పసిపిల్ల తొక్కినా మోగుద్ది. చూడు."

సువర్ణరాజు తొక్కాడు. పెడల్‌కున్న సుత్తి డ్రమ్మును తాకీ తాకనట్టు తాకింది. మళ్లీ తొక్కుదామంటే పాదం పెడల్ మీంచి పైకి లేవడం లేదు.

"ఇది కూడా పోయిందండీ."

బసవపున్నారావు వంగి అతని పాదం వంక చూశాడు. "ఎడంకాలు పెట్టు ఓసారి," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఎడంకాలితో పెద్ద డ్రమ్ము పెడల్ తొక్కలేదతను. పెట్టాడు. డ్రమ్ము కొట్టంతా అదిరేలా మోగింది. మిగతా రెండూ బిగించమన్నాడు. ఆ రెండూ అంతే మోగాయి. పంపు తొక్కిన రోజులన్నీ, మందుతో పాదం తడిసిన రోజులన్నీ అతని కళ్లముందు తిరిగాయి.

"మరి ఏది కట్టమంటావు?" అన్నాడు బసవపున్నారావు మెల్లిగా.

"పురికొస ముక్కుంటే ఇవ్వండి."

పెడల్ కట్టుకుపోవడానికేమో అనుకుని మూరెడు తెంపి ఇచ్చాడాయన. సువర్ణరాజు రోడ్డు మీదికెళ్లి చెప్పు తెచ్చుకున్నాడు. గుమ్మంలో కూర్చుని దాన్ని కుడికాలికి తొడిగి, పురికొస చీలమండకి రెండు చుట్లు చుట్టాడు. ముడి బలంగా బిగించాడు. ఎంత బిగించినా కాలికి తెలియలేదు.