బ్రేకు మీది కాలు

పొద్దున లేవగానే జ్యోతి చేసే మొదటి పని జీపుకు కట్టిన గొలుసు విప్పడం. తుకుం బస్తీలో ఆ వీధివాళ్ళకు ఆ గలగలే కోడికూత. కట్టెయ్యకపోతే జీపు తనంతట తానే వీధి చివరికి పోయి మల్లేష్ ఇంటిగోడను కుమ్ముతుంది. గోడ ఒకసారి కూలింది. మల్లేష్ ఎడమకాలు కూడా దాని కిందే విరిగింది.

ఎవరూ వింతపడలేదు. సవారీలను ఎవరెక్కించుకోవాలని జీపుల అడ్డాలో తగాదా వచ్చినప్పుడు మల్లేష్ జ్యోతి తండ్రి రాజాన్ని ఈ జీపు బానెట్ మీదే పడేసి, జాకీరాడ్డుతో తల పగలగొట్టాడు. చూసినవాళ్ళు కోర్టులో నోరు మెదపలేదు. మల్లేష్ మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాడు. మనుషులు మరిచిపోయినా బండి మరిచిపోవాలని ఎక్కడుంది?

గోండ్‌పిప్రి ఊరికి పోయే సవారీలు ఎక్కుతూనే, "మల్లేష్ బయట ఉన్నడా?" అని అడిగి జీపు పైకమ్మి గట్టిగా పట్టుకునేవాళ్ళు. వాడు కనబడితే జీపు ఎగబడుతుంది. బ్రేకు మూడుసార్లు తొక్కితే గాని ఆగదు. వానాకాలం చక్రాల బ్రేకు డ్రమ్ముల్లోకి నీళ్ళు పోతే అప్పుడూ ఆగదు.

అట్లాంటి ఒక వానాకాలమే మల్లేష్ భార్య గంగవ్వ జ్యోతి ఇంటికి వచ్చింది.

"బిడ్డా, వానల గూడ ఆగే డిస్కు బ్రేకులు ఏపియ్యి. నీ కాళ్ళు మొక్కుత. ఆయనకేమన్న అయితే నేనెట్ల బతకాలె?"

జ్యోతి తల్లి సాయమ్మ చేటలో బియ్యం అట్లాగే వదిలేసి లేచింది. "నా మొగుడు గిట్లనే మొక్కిండు. ఆగిండా నీ మొగుడు?"

జ్యోతికి జాలేసింది. జాలిపడినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. అయినా బండిని మెకానిక్ రాయమల్లు దగ్గరికి తోలింది.

డ్రమ్ములు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. రాయమల్లు సుత్తితో బాదుతుంటే జీపు జాకీ మీంచి దూకి అతని రెండు వేళ్ళు నలగ్గొట్టింది.

"దీనికి ఇష్టం లేదు బిడ్డా," అన్నాడు నెత్తురు తుడుచుకుంటూ.

"ఏసెయ్యి కాకా."

డ్రమ్ములు ఊడదీసి డిస్కులు బిగించాడు. "ఇగ నీళ్ళు పడ్డా ఫికర్ లేదు. నువ్వు తొక్కితే ఆగుతది. కాలు తియ్యకుంటే కదలది."

ఈ మాట మల్లేష్‌ను చేరడానికి ఎంతసేపు? మర్నాడు వానలో కర్ర పట్టుకుని నడివీధిలో నిలబడ్డాడు. జీపు గర్జించి దూకింది. జ్యోతి తొక్కింది. వాడి రొమ్ముకు జానెడు దూరంలో జీపు గజగజలాడుతూ ఆగిపోయింది.

మల్లేష్ బానెట్ మీద చరిచి నవ్వాడు. "గిక్కడ్నే ఏడ్శిండు మీ బాపు, ఇగ కొట్టకు అనుకుంట. ఇంకో రెండు ఏసిన."

గంగవ్వ ఉరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇంట్లకు రా, నీకు దండం పెడుత."

"గీ డబ్బాకు భయపడి ఇన్నొద్దులు నిన్ను కొట్టకుండ ఇడిశిపెట్టిన," అంటూ వాడు ఆమె జుట్టు పట్టి మొహాన్ని బానెట్‌కేసి కొట్టాడు. పన్ను విరిగి పడింది. మళ్ళీ కొట్టాడు. జీపులో సవారీలంతా తలలు దించుకున్నారు. ఆనాడు అడ్డాలో చూసినవాళ్ళూ ఇట్లాగే దించుకున్నారు.

గంగవ్వ పక్కకు జారి డ్రైవరు సీటు దాకా పాకింది. నోటినిండా నెత్తురు.

"కాలు తియ్యి బిడ్డా," అంది.

పాత డ్రమ్ములే ఉంటే బ్రేకు పడలేదని జ్యోతి చెప్పుకునేది. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. కర్రెత్తి వస్తున్న మల్లేష్‌ను చూస్తూ జ్యోతి కాలు తీసింది. జీపు వాడిని గోడ దాకా ఈడ్చుకుపోయి, ఎముకలు విరిగిన చప్పుడయ్యి వాడి ఊపిరి పోయాక తనే ఆగింది.

"బ్రేక్ ఫేల్ ఝాలా కా?" బ్రేకు పోయిందా అని మరాఠీలో అడిగాడు పోలీసు ఫౌజుదారు.

"అవును సాబ్, పాత బండి," అన్నాడు రాయమల్లు, గుడ్డ చుట్టిన చెయ్యి ఊపుతూ. గంగవ్వ కూడా అవునంది. ఈసారి సాక్ష్యానికి వీధంతా ముందుకొచ్చింది.

"లేదు సాబ్," అంది జ్యోతి. "బ్రేకులు మంచిగున్నయి. నేనే కాలు తీసిన."

తాళంచెవి తల్లి చేతిలో పెట్టింది.

"ఇగ దీనికి గొలుసు కట్టకు అవ్వా," అని చెప్పి పోలీసు బండెక్కింది.