అంగడి ఇంట్లో అనకూడని మాట

ఒంటిమిట్ట ఉత్సవాల్లో ఈ ఏడు పీటల మీద అమూల్య, కళ్యాణ్ కూర్చుంటారని మా అత్త రాజ్యలక్ష్మమ్మ చెప్పినప్పుడు నేను ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నాను. చేతుల మంట ఎక్కువో, కడుపుమంట ఎక్కువో నాకే తెలియలేదు.

రాజంపేటలో మాది కిరాణా అంగడి. శ్రీరామనవమి ఉత్సవాల్లో ఒక రోజు పూజ మా అంగడి పేరు మీద జరుగుతుంది. ఆ రోజు మా ఇంటి నుంచి ఒక జంట రాములవారి ముందు పీటల మీద కూర్చోవాలి. కిందటేడు నా మరిది కళ్యాణ్, అతని పెళ్లాం అమూల్య కూర్చున్నారు. ఈ ఏడు వంతు నాదీ, నా మొగుడు మురళిదీ. దసరాకే చిలకాకుపచ్చ పట్టుచీర కొని పెట్టెలో దాచుకున్నాను. చీర మీద మోజు ఉంది, కాదనను. కానీ అసలు సంగతి వేరే. పూజ అయ్యేదాకా పీట మీదున్న మనిషిని ఎవరూ లేపకూడదు. వాసవీ ఇది తే, వాసవీ అది చూడు అని ఆ పూటంతా ఎవరూ అనరు. నాకు కావలసింది అదే.

"అత్తా, ఈసారి మా వంతు కదా?" అన్నాను.

"నీకేమే, గుండ్రాయి మాదిరి ఉండావు. ఆ పిల్ల సంగతి చూడు. దేవుని ముందర కూర్చుంటే నయమైతాది" అంది.

అమూల్య కిందటి శ్రావణంలో ఉన్నట్టుండి మంచం పట్టింది. జ్వరం కాదు, నొప్పి కాదు. గోడవైపు తిరిగి పడుకునేది. తల దువ్వుకోదు, అన్నం తినదు, నేను చచ్చిపోతే మీకందరికీ పీడ విరగడవుతుంది అనేది. కడపలో మనసు డాక్టరుకు చూపించాం. మాత్రలు ఇచ్చాడు. మెల్లగా కోలుకుంటోంది. సంతోషమే. కానీ ఆమె రెండు ముద్దలు తింటే ఇంటిల్లిపాదికీ పండగ. ఆ ముద్దలు వండినదెవరో ఎవరికీ పట్టదు. ఆమె తలకు మా అత్త తన చేత్తో నూనె పెడుతుంది. కళ్యాణ్ రోజూ మల్లెపూలు తెస్తాడు. ఫ్యాను కింద మంచం ఆమెది. నాకు నడుము పట్టేసి వంగలేకపోయిన రోజున మా అత్త అన్న మాట, "వంగకుండా చేసే పనులు చూసుకోపోయే" అని. దీన్ని అసూయ అంటే అసూయే. పేరు మార్చి చెప్పడం నాకు చేతకాదు.

ఆ వారమే అమూల్యను డాక్టరుకు చూపించాలి. అంగడిలో సరుకు దిగే రోజు కాబట్టి మగవాళ్లకు తీరిక దొరకదు. తోడు ఎవరు? ఇంకెవరు, గుండ్రాయే. రెండు వేల తొమ్మిది, ఎన్నికల రోజులు. బస్టాండు చుట్టూ జీపులు మైకుల్లో అరుస్తున్నాయి. బస్సులో కిటికీ పక్క సీటు అమూల్యకు ఇచ్చాను. ఇవ్వకపోతే ఆమె వాంతి చేసుకుంటుంది, తుడవాల్సింది నేనే.

కడప ఆసుపత్రి వరండాలో మా వంతు కోసం కూర్చున్నాం. కర్నూలు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. పేరు తనూజ. కాలేజీలో పరిశోధన చేస్తోందట.

"మనుషులకు వాళ్ల మీద వాళ్లకు ఎంత దయ ఉండాదో కొలుస్తాండా అక్కా. జబ్బు ఉండేవాళ్లనీ అడుగుతాండా, లేనివాళ్లనీ అడుగుతాండా. రెండూ పోల్చి చూడల్ల. ఈమె డాక్టరు దగ్గరికి వచ్చే మనిషి. నువ్వు బాగుండావు కదా, నిన్నూ అడగచ్చునా?"

"దయను కూడా కొలుస్తారామ్మా? యాడుండాది ఆ తక్కెడ?" అన్నాను. ఎగతాళిగానే అన్నాను కానీ లోపల పొంగిపోయాను. శ్రావణం నుంచి ఇప్పటిదాకా ఒక్కరైనా నన్ను కూర్చోబెట్టి, నీ సంగతేమిటి అని అడిగిన పాపాన పోలేదు. పైగా ఇందులో అమూల్య జబ్బు మనిషి, నేను బాగున్న మనిషి. ఎవరికి ఎక్కువ మార్కులు వస్తాయో చెప్పనక్కర్లేదు అనుకున్నాను.

ముందు అమూల్యను లోపలి గదిలోకి తీసుకుపోయి అడిగింది. తర్వాత నన్ను. ఒక్కో మాట చదివి, ఎప్పుడూనా, తరచుగానా, అప్పుడప్పుడా, అరుదుగానా, అసలు లేదా అని అడుగుతుంది.

"నా వల్ల తప్పు జరిగితే నన్ను నేను గట్టిగా తిట్టుకుంటాను."

"ఎప్పుడూ" అన్నాను. తిట్టుకోకపోతే ఎట్లా? అంగడి ఇంటి ఆడదానికి ఆ మాత్రం కట్టుబాటు ఉండాలి.

"నాలోని లోపాలను నేను సహించలేను."

"ఎప్పుడూ. గట్టిగా రాసుకో."

"కష్టం వచ్చినప్పుడు నన్ను నేను ఓదార్చుకుంటాను."

ఇక్కడ ఆగిపోయాను. తనను తాను ఓదార్చుకునేంత తీరిక ఎవరికుంటుంది? నిజం చెప్పాలంటే 'లేదు' అనాలి. మా ఇంట్లో ఆ మాట అనకూడదు. చక్కెర అయిపోయినా రేపు వస్తుంది అనాలే తప్ప లేదనకూడదు. అంటే లక్ష్మి గడప దాటి పోతుందని మా అత్త నమ్మకం. కాపురానికి వచ్చిన కొత్తలో అంగడి నిండా జనం ఉండగా ఉప్పు లేదని అరిచాను. మళ్లీ అమావాస్య వచ్చేదాకా ఆమె నాతో మాట్లాడలేదు. అప్పటి నుంచి నా నోట ఆ మాట లేదు.

"ఆ చివరిది వద్దు. దాని పక్కది రాసుకో" అన్నాను.

"నీకు నిజంగా ఏదనిపిస్తే అది చెప్పక్కా" అంది తనూజ.

"పక్కదే అనిపిస్తాంది."

అన్నీ అయ్యాక లెక్క వేసి, ఎవరిది వాళ్లకే చెప్పింది. ఒకరిది ఇంకొకరికి చెప్పకూడదట. ఐదుకు నాకు రెండు కూడా రాలేదు. సరే, ఇది కఠినమైన పరీక్ష, అమూల్యకు ఇంకా తక్కువ వచ్చి ఉంటుందిలే అని బెంచీ మీదికి వచ్చి కూర్చున్నాను.

"నాకు మూడు దాటింది అక్కా" అంది అమూల్య, నేను అడగకుండానే.

ఒళ్లు భగ్గుమంది. లేచి మళ్లీ లోపలికి పోయాను.

"తూకం తప్పిందమ్మాయ్. మళ్లీ చూడు. జబ్బు దానికి, నాకు కాదు."

తనూజ కంగారు పడింది. "ఎవరిదీ నేను చెప్పకూడదక్కా. ఇది పరీక్ష కాదు, మార్కులు కావు. నిన్ను నువ్వు తిట్టుకునే మాటలకంతా ఎప్పుడూ ఎప్పుడూ అంటివి. తిట్టుకునే కొద్దీ ఇక్కడ తగ్గుతాది, పెరగదు. మామూలుగా జబ్బుండేవాళ్లకే తక్కువ వస్తాది. అట్లని బాగుండేవాళ్లందరికీ ఎక్కువే రావల్లని యాడ ఉండాది?"

మల్లెపూలు ఆమెకు, ఫ్యాను ఆమెకు, పీట ఆమెకు, ఆఖరికి తన మీద తనకుండే దయ కూడా ఆమెకే ఎక్కువ. ఆ వరండాలో నిలబడి ఎవరి మీద ఏడవాలో తెలియక తనూజ చెప్పుల వంక చూస్తూ ఉండిపోయాను.

తిరుగు బస్సులో కిటికీ సీటు నేను తీసుకున్నాను. అమూల్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్కన సర్దుకుంది. భాకరాపేట దాటాక ఆపుకోలేక అడిగేశాను.

"మూడు ఎట్లొచ్చిందే నీకు? చచ్చిపోతా చచ్చిపోతా అంటా ఉన్నదానివి. యాడ నేర్చుకుంటివి?"

"నీ దగ్గరే కదక్కా."

"నా దగ్గర నేర్చుకునేది ఏముండాదే?"

అమూల్య కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఆ అమ్మాయి అట్ల అడుగుతా ఉంటే నాకేం తెలుస్తాది? కష్టంలో నీకు నువ్వు ఏం చెప్పుకుంటావనె. నువ్వు నాకు చెప్పే మాటలే మనసులో చెప్పుకుంటా అంటి. పోనీలే, మొగం కడుక్కో. ఒక్క ముద్ద తిను. మిగతాది తర్వాత చూస్తాం. పొద్దున లేయాలంటే భయమేసినప్పుడంతా నీ గొంతుతోనే అనుకుంటాక్కా. అప్పుడు లేయగలుగుతా."

ఆ మాటలు నావే. శ్రావణం నుంచి రోజూ పొద్దున ఆమె మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టి అన్నాను. పొయ్యి మీద పాలు పొంగుతుంటే, అవతల మా అత్త పిలుస్తుంటే, లోపల పళ్లు నూరుకుంటూ అన్నాను. పైకి మెత్తగా వచ్చాయి కాబోలు, ఈమె దాచిపెట్టుకుంది.

"నీకు బాధైనప్పుడు నువ్వేం చెప్పుకుంటావక్కా?" అంది.

కిటికీలోంచి ఒంటిమిట్ట గోపురం కనిపిస్తోంది. ఉత్సవాలకు పందిళ్లు వేస్తున్నారు. బాధైనప్పుడు నేను చెప్పుకునేది ఒకటే. లేయే, దున్నపోతులా పడి ఉండావు, చేసేవాళ్లెవరుండారు నీకు? ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను. నా మాటలు విని బాగుపడిన మనిషి పక్కనే కూర్చుంది. ఆ మాటలు నాకు ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు, నేను కూడా చెప్పుకోలేదు. అప్పుడు పుట్టిన అసూయ ముందు మల్లెపూల మీది అసూయ ఎందుకూ పనికిరాదు.

ఇల్లు చేరేసరికి మా అత్త దేవుడి దగ్గర సాయంత్రం దీపం పెడుతోంది.

"వచ్చిర్యా? అమూల్యా, పోయి పడుకో తల్లీ, అలిసిపోయింటావు. వాసవీ, మీ మామకు కాఫీ పెట్టు. మిరపకాయలు అట్లనే ఉండాయి చూడు."

నేను గడప లోపల నేల మీద కూర్చున్నాను. చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు.

"నాకు ఓపిక లేదత్తా" అన్నాను.

అగ్గిపుల్ల ఆమె చేతిలోనే ఆరిపోయింది. "దీపం పెట్టే యాళ ఏం మాటే అది!"

"లేదు. ఓపిక లేదు. శ్రావణం నుంచీ లేదు. రేపు కూడా రాదు. ఈ ఏడు పీట మీద నేనే కూర్చుంటా. వంతు అని కాదు, నాకు కావల్ల."

ఆ మాటలతో పాటు ఏడుపు కూడా తన్నుకొచ్చింది. ఇంటి ముందరి అంగడిలోంచి మా మామ కాఫీ కోసం రెండుసార్లు కేకేశాడు.

వంటింట్లో గిన్నె చప్పుడైంది. చూస్తే అమూల్య. శ్రావణం తర్వాత ఆమె పొయ్యి ముట్టించడం అదే మొదలు.

"అయ్యో, నా తల్లి లేచి కాఫీ పెడతాంది చూడండి!" అని మా అత్త మొహం వెలిగిపోయింది. ఏడుస్తూనే ఉన్నా నాకు మళ్లీ కడుపు మండింది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నేను పెట్టిన కాఫీలకు ఎవరి మొహమూ వెలగలేదు.

అమూల్య గ్లాసు తెచ్చి మామకివ్వలేదు. నా ముందు కూర్చుని నా చేతిలో పెట్టింది. ఇంకో చేతిలో నీళ్ల చెంబు.

"పోనీలే అక్కా. మొగం కడుక్కో. ఒక్క గుక్క తాగు. మిగతాది తర్వాత చూస్తాం."

మా అత్త మా ఇద్దరినీ చూసింది. ఇంకో పుల్ల గీసి దీపం వెలిగించింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది.

"ఆ పెట్టెలో చీర బయటికి తీసి ఇస్త్రీకియ్యి. మడతలు పడింటాయి."

"ఏ చీర?"

"పీట మీదికని కొనుక్కుంటివి కదే, పచ్చది. నాకు కండ్లు లేవనుకుంటివా?"

లేవడానికి చెయ్యి నేలకు ఆనించాను, అలవాటు కొద్దీ. "ఇప్పుడే కాదు, తాగినాక" అంది మా అత్త. కాఫీలో చక్కెర మరీ ఎక్కువైంది. గ్లాసు అయిపోయేదాకా కూర్చునే తాగాను.