మెషిన్ కంపు

ఉతికిన బట్టలే కంపు కొడుతుంటే ఇక ఏ బట్టలు కట్టుకోవాలి? తోటికోడలు తన చీర తెచ్చి పెద్దకోడలి ముక్కు దగ్గర పెట్టింది.

"చూడక్కా! బస్సులో నా పక్కనున్నావిడ లేచి వేరే సీట్లోకి వెళ్లింది. సిగ్గుతో చచ్చాననుకో. బావగారి దుప్పట్లు ఇకనుంచి మెషిన్లో వేయకు. బకెట్లో ఉతుక్కో."

"మెల్లగా అనవే" అంది పెద్దకోడలు.

గది తలుపు ఓరగా తీసే ఉంది. ఒకప్పుడు డ్రైవరుగా ఊరంతా బస్సు తిప్పిన పెద్దకోడలి భర్తకు పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయి, మూత్రం మీద అదుపు పోయింది గానీ, చెవులు నిక్షేపంగా ఉన్నాయి.

మధ్యాహ్నం అందరూ పనులకు వెళ్లాక ఆమె మెషిన్ ముందు చతికిలబడింది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత విప్పితే లోపలంతా నల్లటి జిగురు. పాతగుడ్డ వేలికి చుట్టి అంగుళం అంగుళం తుడిచింది. సబ్బుపొడి వేసే అర లాగి, గడ్డకట్టిన పొడినీ బూజునీ గీకింది. కింద ఫిల్టరు మూత తిప్పగానే మురుగు భళ్లున కారింది. దాంతోపాటు తోటికోడలి కొడుకు మేజోడు ఒకటి, కుళ్లి పీలికలై బయటపడింది. అంతా కడిగింది. ఖాళీ మెషిన్లో వెనిగర్ పోసి వేడినీళ్ల మీద తిప్పి, తలుపు తెరిచి ఆరబెట్టింది. కంపు మాయమైంది.

"ఆయన బట్టల వల్ల కాదే. నీ కొడుకు మేజోడు ఇరుక్కుని కుళ్లింది" అని సాయంత్రం చెప్పింది.

"పోన్లే, వదిలిందిగా. అయినా ఆ దుప్పట్లు విడిగా ఉంటేనే మంచిది కదక్కా."

ఉంటున్నది మరిది ఇంట్లో. గొంతు పెంచితే గూడు పోతుంది. సరేనంది. భర్తకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఆయన విని ఉండడులే, లేనిపోనిది కెలకడం దేనికని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ తర్వాత దుప్పట్లు తడవడం తగ్గింది. బకెట్లో పిండిపిండి పగిలిన ఆమె చేతులకు కాస్త తెరిపి దొరికింది.

"ఒళ్లు అదుపులోకి వస్తోందండీ!" అని మురిసిపోయింది.

ఆయన వంకరపోయిన నోటితో నవ్వాడు. నీళ్లు అందిస్తే, "అక్కడ పెట్టు, తాగుతాలే" అనేవాడు. ఆమె అటు తిరగగానే బాగున్న చేత్తో కిటికీలోంచి పారబోసేవాడు. ఎండలు మండిపోతున్న రోజులవి.

జ్వరం వచ్చి మాట తడబడేసరికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, "ఈయన నీళ్లు తాగట్లేదా? మూత్రంలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది" అంది.

అక్కడ పెట్టమన్న గ్లాసులన్నీ గుర్తొచ్చి పెద్దకోడలు మంచం పట్టీ పట్టుకుని వంగింది. "ఎందుకండీ ఇంత పని చేశారు?"

"కంపు... అన్నారుగా. నీ చేతులు... చూళ్లేకపోయాను."

"అయ్యో, అది మీ కంపు కాదండీ! మెషిన్లో మేజోడు కుళ్లింది. నేనే కడిగాను."



"ముందే... చెప్పొద్దూ" అన్నాడు.

నీళ్లడిగాడు. చెంచాతో పోస్తే రెండు గుక్కలు దిగాయి. మిగిలినవి చెంప మీదుగా జారిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఇంటికొచ్చాక తోటికోడలు ఆమె ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. "నోటి దురుసుతో అన్నానక్కా. ప్రాణం మీదికి తెచ్చుకుంటారనుకోలేదు."

"నువ్వు అన్నావు. నేను నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఎవరిది ఎక్కువని తూచమంటావు?" అందామె. తల నిమరలేదు, తోసేయనూ లేదు.

కొన్నాళ్లకు ఆమె అదే ఆసుపత్రిలో రోగుల దగ్గర కనిపెట్టుకుని ఉండే పనిలో చేరింది. గ్లాసు అక్కడ పెట్టమంటే పెట్టదు. గుక్క దిగేదాకా కదలదు. "జలగలా పట్టుకుంటుంది" అని రోగులు తిట్టుకుంటారు. ఆమె వింటుంది. మళ్లీ నీళ్లు పట్టుకొస్తుంది.