ముందు బెడ్ నంబరు

మేడమ్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

వసపిట్ట తింటున్న కంచం పక్కకు నెట్టి ఫోను అందుకుంది. చదివింది. మళ్ళీ చదివింది. ముఖం వాడిపోయింది.

'నేను బాగానే ఉన్నాను. మీ నానమ్మగారి మోకాలినొప్పి త్వరగా తగ్గాలని కోరుకుంటున్నాను.'

అంతే. పిల్లల వార్డు ఊసే లేదు.

నోరు మూతపడదని ఇంట్లో అందరూ వసపిట్ట అని పిలిచే ఆ అమ్మాయిది నర్సింగ్ చివరి సంవత్సరం. ఆఖరి శిక్షణ ఏ వార్డులో చేస్తే ఉద్యోగం కూడా దాదాపు అక్కడే దొరుకుతుంది. ఆమె ఆశంతా పిల్లల వార్డు మీద ఉంటే, పడింది కళ్ళ వార్డు. అదృష్టం బాగుండి ఒక క్లాస్‌మేట్ వేరే ఆసుపత్రికి మారింది. పిల్లల వార్డులో ఒక చోటు ఖాళీ. వార్డులు కేటాయించే మేడమ్ నోటిమాట వినదు, ఏదైనా మెయిల్లోనే అడగాలి. ఆఖరి జాబితా ఈ సాయంత్రమే నోటీసు బోర్డు ఎక్కుతుంది.

వదిన కుట్టుమిషన్ ఆపి, ఏం రాశావో చూపించమంది.

ఆ మెయిల్ ఒక్కరి పని కాదు. కుశలం అడక్కుండా పని అడగడం మర్యాద కాదని పట్టుబట్టింది నానమ్మ. కాలేజీ వేడుకలో మేడమ్ తనకు మోకాలి వ్యాయామం నేర్పింది కాబట్టి మోకాలి క్షేమం కూడా చేర్చాలంది. మేడమ్ పాఠాలు చెప్పే తీరును పొగుడుతూ అన్నయ్య ఒక పేరా ఎక్కించాడు. చంటిపిల్లలంటే తనకు ఎప్పటినుంచి ఎంత ఇష్టమో వసపిట్ట వర్ణించింది. అందరూ అయ్యాక, అట్టడుగున, 'పిల్లల వార్డు గురించి కూడా వీలైతే ఆలోచించగలరు' అని ఒక ముక్క. పైన విషయం అని ఉన్న చోట 'నమస్కారం' అని మాత్రమే ఉంది.

వదిన చివరిదాకా చదివింది. "చల్లకొచ్చి ముంత దాచేవాళ్ళని చూశాను గానీ, దాన్ని తీసుకెళ్ళి నానమ్మ మోకాలి కింద దాచినదాన్ని నిన్నే చూస్తున్నా."

"మధ్యలో నా మోకాలేం చేసిందే? దాని మానాన అది నొప్పెడుతోంది," అంది నానమ్మ.

అంతలో ఫోను మోగింది. వసపిట్ట తర్వాత డ్యూటీకెక్కిన స్నేహితురాలు. ఏడో బెడ్ సంగతి సరిగ్గా వినలేదట, మళ్ళీ చెప్పమంది. వసపిట్ట గొంతు మారిపోయింది.

"ఏడో బెడ్. ఆపరేషనైన తాతగారు. పొద్దున జ్వరం వచ్చింది, డాక్టరుగారికి చెప్పాను. మధ్యాహ్నం మళ్ళీ చూడు. తగ్గకపోతే వెంటనే ఆయన్ని పిలువు."

ఫోను పెట్టేసింది. వదిన గుడ్లప్పగించి చూస్తోంది.

"ఆ తాతగారి మోకాలెలా ఉందో చెప్పలేదేం?"

"వార్డులో అంత తీరికెక్కడిది వదినా? ముందు బెడ్ నంబరు, తర్వాత సంగతి, ఆ తర్వాత ఏం చెయ్యాలో..."

ఆ మాట అంటూనే ఫోన్లో తన మెయిల్ మళ్ళీ తెరిచింది. మరుక్షణం గబగబా టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

విషయం: 'పిల్లల వార్డుకు మార్చమని అభ్యర్థన'. కింద కట్టె, కొట్టె, తెచ్చె. తాను ఎవరు, ఏ సంవత్సరం. కళ్ళ వార్డు కేటాయించారని, పిల్లల వార్డులో ఒక చోటు ఖాళీ అయిందని. 'ఆ చోటు నాకు ఇవ్వగలరా? జాబితా ఈ సాయంత్రం వెలువడుతుంది కాబట్టి అంతకుముందే తెలియజేస్తే కృతజ్ఞురాలిని.' చివర పూర్తి పేరు, రోల్ నంబరు.

తలుపు తట్టకుండా ఇంట్లోకి దూరినట్టుందని నానమ్మ గొణిగింది. అదీ నిజమేననిపించి వసపిట్ట పైన 'మేడమ్ గారికి నమస్కారం' చేర్చింది. మోకాలిని మాత్రం రానివ్వలేదు. నానమ్మ మూతి ముడుచుకుని గోడవైపు తిరిగింది.

మెయిల్ వెళ్ళింది. ఫోను కుట్టుమిషన్ పక్కన కూర్చుంది. వదిన ఒక కర్టెన్ అంచు పూర్తి చేసింది. ఫోను టింగుమంది. ముగ్గురూ ఒకేసారి వంగారు. చెప్పుల దుకాణం వాడి తగ్గింపు ధరలు.

రెండో కర్టెన్ సగంలో ఉండగా మళ్ళీ టింగుమంది.

'ఖాళీ ఉన్న మాట నిజమే. మిమ్మల్ని పిల్లల వార్డుకు మార్చాను. సోమవారం ఉదయం అక్కడ రిపోర్టు చెయ్యండి. మొదటి మెయిల్లో మీరేం అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు.'

వసపిట్ట వదినను గిరగిరా తిప్పేసింది. దారపు ఉండ మంచం కిందకు దొర్లింది. కళ్ళజోడు సర్దుకుని ఫోను అందుకున్నది నానమ్మే. కింద ఇంకో వరుస ఉంది.

'ఇంతకీ నానమ్మగారి మోకాలు ఎలా ఉంది? ఈసారి రాయలేదేం?'

నానమ్మ నిటారుగా కూర్చుంది. ఇద్దరి ముఖాలూ ఒకసారి తీరిగ్గా చూసింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని, గొంతు సవరించుకుంది.

"రాయవే. మొన్న వానలో మెట్లు దిగుతుంటే..."

"ఆగు నానమ్మా," అంటూ వసపిట్ట ముందుగా విషయం టైపు చేసింది: 'నానమ్మ మోకాలు, కుడివైపుది: నేటి పరిస్థితి'.