ముందు మగదాన్నే చూస్తాం

చీర ఇస్త్రీ చేసుకుంటుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి, సాయంత్రం మా స్నేహితురాలు అమూల్య సీమంతంలో నన్ను గాజులు తొడగవద్దన్నారు. "నిన్నేదో అనాలని కాదమ్మా. పిల్లలున్నవాళ్ళు తొడిగితే మంచిదని. నువ్వు వంటింట్లో సాయం చేద్దువుగాని" అన్నారు. ఆ సీమంతానికి పొద్దున్నుంచీ బూరెలు వండింది నేనే. నా చేతి బూరెలు పనికొస్తాయి, నా చేయే పనికిరాదు. అయినా అలాగే అన్నాను.

యూనివర్సిటీ ల్యాబులో నా ఉద్యోగం ఎలుకలతో. మగ ఎలుకల్లో ఒక జన్యువును పనిచేయనివ్వకుండా ఆపేసి, వీర్యకణాల తయారీ ఎక్కడ నిలిచిపోతుందో చూస్తాం. ఆ ఎలుకకు పైకి ఏ లోటూ కనపడదు. శుభ్రంగా తింటుంది, బలుస్తుంది, తోటి మగవాటి మీద పెత్తనం చేస్తుంది, ఆడదానితో జత కడుతుంది. పిల్లలు మాత్రం పుట్టవు. అప్పుడు మేమెవరమూ ఆడ ఎలుకతో ఉపవాసాలు చేయించం. అది అంతకుముందే ఒకసారి ఈనినది. అందుకని ముందు మగదాన్నే చూస్తాం. దాన్ని చూసి ఎవరమూ నవ్వం కూడా.

అభినవ్ వీర్యంలో కణాలే లేవని డాక్టర్ చెప్పిన రోజు కారులో అతని చేయి పట్టుకుని ఏడ్చాను. కాసేపటికి అతను తేరుకుని, "అమ్మకి చెప్పకు. ప్రాబ్లం నీదే అనుకోనీ. ఎలాగూ ఆడవాళ్ళనే అంటారు, నీకేం పోతుంది?" అన్నాడు. ప్రేమ కొద్దీ సరేనన్నాను. ఏం పోతుందో నాకూ అప్పుడు తెలియదు. మేముండే మాసన్ లేక్స్‌లో తెలుగువాళ్ళ బార్బెక్యూ విందులో ఎవరి బిడ్డనైనా ఎత్తుకుంటే ఆ తల్లి ఏదో ఒక వంకతో వచ్చి తీసుకుపోతుంది. అత్తయ్య ఫోనులో చెల్లెలితో "మావాడికేం, బంగారం. ఆ పిల్లకే పాపం..." అని గొంతు తగ్గిస్తారు. ఆవిడ చెడ్డవారు కాదు. నిజం ఆవిడకు తెలియనివ్వనిది మేమిద్దరం.

అభినవ్ గదిలోకి వచ్చి లేటవుతోందన్నాడు. గాజుల సంగతి చెప్పాను. ఫోనులోంచి తలెత్తకుండానే "అడ్జస్ట్ అవ్వు సృజనా, వన్ ఈవినింగే కదా" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఇస్త్రీపెట్టె ఆపేశాను. "అత్తయ్యకి నేను చెప్పను. అది నీ సంగతి, నువ్వే చెప్పాలి. బయల్దేరేలోపే" అన్నాను. ఇప్పుడెలాగంటూ అతనేదో నసుగుతున్నాడు. నేను ఆగకుండా హాల్లోకి వెళ్ళి అత్తయ్య పక్కన కూర్చున్నాను. అతను నా వెనకే వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఇంకా చీర కట్టుకోలేదేమ్మా?" అన్నారావిడ.

"కట్టుకుంటానత్తయ్యా. ముందు మీ అబ్బాయి మీకో మాట చెప్పాలి."

ఆవిడ చూపు ఆశగా నా కడుపు మీదికి వెళ్ళింది.

"నా గురించి కాదు," అన్నాను. "తన గురించి."