నేను రాయని నోటీసు

లోకనాథ్ ఆఫీసు గదిలో, ఐసు దిమ్మల రేట్ల బోర్డు పక్కన ఒక కాగితం అతికించి ఉంది. దానిపైన ఎర్ర స్కెచ్ పెన్నుతో "బుల్లియ్య బాబాయ్ కొత్త రిలీజ్" అని రాశారు. కింద ఎవరెవరో మార్కులు కూడా వేశారు. పదికి ఎనిమిది, పదికి తొమ్మిది. ఒక మహానుభావుడు పదికి పదకొండు వేశాడు.

"ఈసారి అదరగొట్టావు బాబాయ్," అన్నాడు లోకనాథ్. "సీలు గుండ్రంగా కుదిరింది. పోయినసారిది బంగాళాదుంప కోసి వేసినట్టు తెలిసిపోయింది."

కళ్లజోడు తుడుచుకుని చదివాను. ఐదో క్లాసులో బడి మానేసినవాణ్ణి. గవర్నమెంటు తెలుగు నాకు నెమ్మదిగా ఎక్కుతుంది. రేవు ఐసు ఫ్యాక్టరీల యజమానుల సంఘం నాలుగేళ్లుగా వార్షిక రిటర్నులు దాఖలు చేయలేదట. సమావేశాలు జరిగిన దాఖలా లేదట. కాబట్టి సంఘం మనుగడలో లేదని భావించి రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయరాదో, రాజమండ్రి లేబర్ ఆఫీసుకు హాజరై సంజాయిషీ చెప్పుకోవాలట. తేదీ చూశాను. ఎల్లుండి గురువారం, పొద్దున్న పదకొండు గంటలకి.

"ఇదెప్పుడొచ్చిందిరా?"

"నువ్వు పంపినప్పుడే. రెండు నెలలైంది."

"లోకనాథూ, ఇది నేను రాయలేదురా."

గదిలో ఉన్న నలుగురూ ఒక్కసారి నవ్వారు. నేను నవ్వలేదని చూసి ఇంకా గట్టిగా నవ్వారు. "ఆ మొహం చూడండెహె, ఎంత బాగా పెట్టాడో!" అని ఒకడు నా భుజం చరిచాడు.

వాళ్లని తప్పుపట్టడానికి లేదు. ఫ్యాక్టరీల్లో ఉన్న దిమ్మలన్నీ పొడవూ వెడల్పూ కొలిచి రాసి ఉంచాలని కలెక్టరు ఆర్డరు ఒకటి సృష్టించింది నేనే. పక్క ఫ్యాక్టరీ యజమాని జీవరాజు టేపు పట్టుకుని కరిగిపోతున్న దిమ్మల్ని రెండు రోజులు కొలిచాడు. కొలిచిన ప్రతిసారీ లెక్క మారిపోతోందని ఏడ్చినంత పని చేశాడు. జపాను వాళ్లు చూడ్డానికి వస్తున్నారని చెబితే అబ్రహాము గారు ఫ్యాక్టరీకి సున్నం కొట్టించి, గుమ్మానికి మామిడాకులు కట్టి, సాయంత్రం దాకా కోటు విప్పలేదు. పదిహేనేళ్లుగా ఈ సంఘానికి లోకనాథ్ ప్రెసిడెంటు, నేను సెక్రటరీని. మావి మొత్తం ఏడు ఫ్యాక్టరీలు, అందులో అన్నింటికన్నా చిన్నది నాది. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో రిటర్నులు పంపాల్సింది, నేను నోటీసులు పంపుతూ కూర్చున్నాను.

"రాజమండ్రి ఫోన్ చేసి కనుక్కోరా పోనీ," అన్నాను.

"ఆ నంబరు ఎవరిదో! నీ జేబులోనే మోగుతుందేమో!"

బయటికొచ్చాను. కాళ్లు తిన్నగా కాలవగట్టు మీది షెడ్డు వైపు నడిచాయి. అది సంఘం షెడ్డు. స్థలం ఇరిగేషన్ వాళ్లది. రిజిస్ట్రేషన్ ఉన్న సంఘానికే లీజు అని కాగితంలో ఉంది, అది నేను చదివిన కాగితమే. దాని కింద ఇరవై రెండు మంది ఆడవాళ్లు చేపలు అమ్ముకుంటారు. పైన నీడ, పక్కన మేం పడేసే ఐసు ముక్కలు. సంఘం రద్దయితే లీజు పోతుంది. లీజు పోతే షెడ్డు లేపేస్తారు. మా వదిన అచ్చాయమ్మ మొదటి స్తంభం దగ్గర కూర్చుంటుంది. అన్న పోయిన దగ్గర్నుంచి ఆవిడకి ఇల్లు గడిచేది ఆ స్తంభం దగ్గరే.

"ఏంటయ్యా మరిదీ, ఇవాళ నా చేపల్ని వెక్కిరించకుండా నిలబడ్డావు?" అంది చందువాల మీద నీళ్లు చల్లుతూ.

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆవిడ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"ఒట్టు?"

"ఒట్టు."

"నీ ఒట్టుకేముందిలే. కిందటేడు నా మీద ఒట్టేసి సునామీ వస్తందన్నావు." కాసేపు నా మొహం పరీక్షగా చూసింది. "అబద్ధమైతే నిన్ను చంపుతాను. నిజమైతే ముందే చంపాల్సింది. రోడ్డు మీద ఎండలో కూర్చుంటే మద్దేన్నానికల్లా చేప మెత్తబడిపోద్దయ్యా. ఎవడు కొంటాడు? ఎల్లి సంతకాలు తీసుకురా!"

వెళ్లాను. అందరం ఉన్నామని ఒక కాగితం రాసి, కింద ఏడుగురం సంతకాలు పెడదామని ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకీ తిరిగాను. జీవరాజు కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, వెనక్కి తిప్పి చూసి, వాసన కూడా చూశాడు. "ఇందులో ఎక్కడుందండీ మెలిక?" అన్నాడు. మెలికేమీ లేదన్నాను. "అయితే మరీ ప్రమాదం" అని లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఇంకొకాయన నన్ను చూడగానే మోటారు చప్పుడులో వినపడట్లేదని చెవి చూపించాడు. మోటారు ఆగి ఉంది.

అబ్రహాము గారు పెద్దమనిషి. కుర్చీ వేశారు, టీ ఇప్పించారు. అంతా విని, "బుల్లియ్య గారూ, మీరు మోకాళ్ల మీద కూర్చుని చెప్పినా నేను సంతకం పెట్టనండి," అన్నారు. "అసలు ముందు మిమ్మల్ని సెక్రటరీగా పీకేయాలి. ఆ కాయితం తెండి. రెండు చేతులతో పెడతా."

టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాను.

"నిజంగా పెడతారా?"

"ఇప్పుడే! లోకనాథైతే పరిగెత్తుకొస్తాడు."

నన్ను పీకిన కాగితమైనా సరే, ఏడు సంతకాలుంటే సంఘం ఉన్నట్టే కదా. గ్లాసు పక్కన పెట్టేసి రెబెక్కా గారి ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆవిడ లెక్కల టీచరుగా చేసి, ఉద్యోగం మానేసి, తండ్రి ఐసు ఫ్యాక్టరీ చూసుకుంటోంది. మా ఏడుగురిలోనూ నా వలలో పడనిది ఆవిడొక్కతే. నన్ను తీసేయమని నేనే వచ్చి అడిగితే కనుబొమ్మ కూడా కదల్చలేదు.

"నోటీసు నిజమో కాదో నాకు తెలీదండి. నాలుగేళ్లుగా మీటింగ్ లేదు, అది మాత్రం నిజం. సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటే చెల్లవు. రేపు సాయంత్రం అయిదింటికి షెడ్డులో మీటింగ్ పెట్టండి. మినిట్స్ బుక్కు ఉందా?"

"ఉందండి."

"ఎక్కడుంది?"

అది నాకూ తెలీదు. రాత్రంతా ఇల్లు తిరగేస్తే, మంచం ఎగుడుదిగుడుగా ఉందని కోడు కింద పెట్టిన అట్టల్లో దొరికింది.

బుధవారం సాయంత్రం అయిదింటికి ఆరుగురూ వచ్చేశారు. నాలుగేళ్లుగా ఎన్నిసార్లు పిలిచినా ముగ్గురు దాటని సంఘం, నన్ను పీకుతారంటే పెళ్లికొచ్చినట్టు వచ్చింది. లోకనాథ్ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎవరో మిరపకాయ బజ్జీలు తెప్పించారు. అమ్మకాలు అయిపోయిన ఆడవాళ్లు తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు.

"సంగతులు ఒక్కొక్కటి చెప్పండి, రాసుకుంటాను," అంది రెబెక్కా గారు.

జీవరాజు టేపు కథతో మొదలుపెట్టాడు. అబ్రహాము గారు కోటు కథ చెప్పారు. అప్పటికే ఆరయింది. ఇంకా తీర్మానం రాయాలి, సంతకాలు పెట్టాలి, కాపీ తీయాలి. తెల్లవారుజామున మొదటి బస్సు తప్పితే పదకొండుకి రాజమండ్రి చేరలేను. నాకు కూర్చుంటే నిలబడాలని, నిలబడితే కూర్చోవాలని ఉంది.

"తొందరగా కానివ్వండ్రా బాబూ!" అన్నాను.

"ముద్దాయికి తొందరేంటి?" అన్నాడు లోకనాథ్. "నాదింకా సగం కూడా అవలేదు."

మొత్తానికి తీర్మానం రాశారు. కార్యదర్శి బుల్లియ్య మాట నమ్మదగినది కానందున ఆయన్ని తొలగించి, ఆ స్థానంలో రెబెక్కా గారిని ఎన్నుకోవడమైనది. ఏడుగురూ సంతకం చేయాలి. మొదటి సంతకం నన్నే పెట్టమన్నారు. నా ఇంటి గేటుకి సెక్రటరీ అని బోర్డు ఉంది. పుట్టి బుద్ధెరిగాక నా పేరు కింద ఉన్న మాట అదొక్కటే. పెట్టేశాను. చప్పట్లు కొట్టారు. వదిన కొట్టలేదు.

"రేపు మీరు కూడా రండమ్మా, కొత్త సెక్రటరీ మీరే కదా," అన్నాను రెబెక్కా గారితో.

"ఇది కూడా ఆటే అయితే నాకొక రోజు పోతుందండి. కాపీ తీసుకెళ్లండి."

వచ్చింది వదిన ఒక్కతే. "నిన్నొక్కణ్ణి పంపితే మధ్యలో ఏం నాటకాలు మొదలెడతావో," అంది. బస్సులో సీటు అంచున కూర్చుని ప్రతి ఊరి పేరూ అడిగింది. రావులపాలెంలో పూతరేకులమ్మే కుర్రాడు ఎక్కితే, వాడితో బేరమాడి ఏడిపించాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు. పది యాభైకి ఆఫీసు మెట్లెక్కాం. సంఘం మనిషి ఒక్కరే లోపలికి రావాలన్నారు. వదిన బయట బెంచీ మీద కూర్చుంది.

ఆఫీసరు ప్రసన్నకుమార్ గారు తీర్మానం రెండుసార్లు చదివారు.

"ఈ బుల్లియ్య ఎవరండి?"

"నేనేనండి."

"మీ మాట నమ్మదగినది కాదని ఏడుగురు రాసిచ్చారు."

"అందులో నేనూ ఉన్నానండి."

"మరి సంఘం ఉందని, మీటింగ్ జరిగిందని మీరు చెబితే నేనెలా నమ్మాలి? ఈ సంతకాలన్నీ మీరే పెట్టి ఉండొచ్చు."

కిటికీలోంచి వదిన కనపడుతోంది, కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ.

"నన్ను నమ్మొద్దండి. మా ప్రెసిడెంటుకి ఫోన్ చేసుకోండి," అన్నాను.

ఆయన ఫోన్ స్పీకరులో పెట్టి, "లోకనాథ్ గారేనా? రాజమండ్రి లేబర్ ఆఫీసు నుంచండి," అన్నారు.

"ఆహా! చెప్పండి ఆఫీసరు గారూ! గొంతు భలే కుదిరిందండి. బాబాయ్ ఏం పెడతానన్నాడు, బిర్యానీయా?"

"ఏ బాబాయ్?"

"ఇంకెవరు, మీ పక్కన ఇకిలిస్తున్నాడుగా. పోయినేడు వాళ్ల బావమరిది చేత కరెంటాఫీసని ఫోన్ చేయించి నా మోటార్లన్నీ ఆపించాడు. ఇంకా మోసపోతామేంటండీ!"

ప్రసన్నకుమార్ గారు నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను.

"మీ సంఘం అసలు ఉందా లేదా, అది చెప్పండి," అన్నారు.

"లేకపోతే నిన్న ఆయన్ని ఎవరు పీకారండీ? ఏడుగురం కూర్చున్నాం, కాలవగట్టు షెడ్డులో, అయిదింటికి. అబ్రహాము గారు ప్రతిపాదించారు, జీవరాజు బలపరిచాడు. రెబెక్కా గారు సెక్రటరీ. బుక్కులో ఎక్కింది, కావాలంటే వచ్చి చూసుకోండి. మాదేం ఉత్తుత్తి సంఘం కాదు! బాబాయ్, వింటున్నావా? నువ్విప్పుడు మాజీవి, మా సంఘం గొడవల్లో వేలు పెట్టకు!"

ఫోన్ పెట్టేశాడు. పక్క టేబుల్ దగ్గర టైపిస్టు అమ్మాయి ఫైలు వెనక మొహం దాచుకుంది. ప్రసన్నకుమార్ గారు మాత్రం నవ్వలేదు. పేర్లూ టైమూ తీర్మానంతో సరిచూసుకుని చాలాసేపు రాశారు. సంఘం నడుస్తున్నట్టే కనపడుతోంది కాబట్టి రద్దు ఆపుతున్నామని, ముప్పై రోజుల్లో కొత్త కార్యదర్శి నాలుగేళ్ల రిటర్నులూ వేయాలని, వేయకపోతే మళ్లీ పిలవకుండానే రద్దు చేస్తామని. నా సంతకం కింద "మాజీ కార్యదర్శి" అని నా చేతే రాయించారు. ఆ "మాజీ"కి చోటు చాలక అంచు మీదికి పోయింది.

కాగితం పట్టుకుని బయటికొచ్చాను. వదిన లేచి నిలబడింది.

"షెడ్డు ఉంటది వదినా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కళ్లు చూసింది, మీసం చూసింది, మళ్లీ కళ్లు చూసింది. చదవడం రాకపోయినా చేతిలో కాగితం కూడా చూసింది. తర్వాత నన్ను పక్కకి నెట్టి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఆఫీసరు గదిలోకి వెళ్లింది. లోపల ఏం అడిగిందో వినపడలేదు.

రెండు నిమిషాలకి బయటికొచ్చి చెప్పులేసుకుంది.

"ఉంటదంట," అంది. "పద, రెబెక్కమ్మకి చెప్పాలి. నువ్వు చెప్పకు, నేను చెప్తాను."